త్రీఎం 6200 హాఫ్ మాస్కు: వాసన ఆగితే సరిపోతుందా?

పెయింటు స్ప్రే చేసే గదుల్లో (వీటినే బూతులంటారు), ఫర్నిచర్ పాలిష్ చేసే చోట, రెజిన్ కలిపే షెడ్లలో తరచుగా కనిపించే బూడిదరంగు మాస్కు ఇది. ముక్కు, నోరు, గడ్డం కింది భాగం కప్పుతుంది. కళ్లు బయటే ఉంటాయి. రెండు చెంపల దగ్గరా గాలిని శుభ్రం చేసే డబ్బీ, అంటే క్యాట్రిడ్జి, ఒక్కోటి తగిలించుకోవాలి. 6100 చిన్న సైజు, 6200 మధ్య సైజు, 6300 పెద్ద సైజు.

తీర్పు ముందే చెప్పేస్తాం. థిన్నర్ ఆవిరికి, సాండింగ్ దుమ్ముకి, వెల్డింగ్ పొగకి ఇది మంచి సరుకు. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే టూ-ప్యాక్ పెయింటు స్ప్రే చెయ్యడానికి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పాత పెయింటు ఊడదీసే మిథిలీన్ క్లోరైడ్ దగ్గరైతే అసలు వాడొద్దు. మాస్కు ఒకటే అయినా మూడు పనులకు మూడు జవాబులు ఎందుకొచ్చాయో చెప్పాలంటే మాస్కు కన్నా క్యాట్రిడ్జి గురించే ఎక్కువ మాట్లాడాలి.

పెట్టె విప్పితే దొరికేది ముఖానికి తగిలించుకునే భాగం ఒక్కటే. క్యాట్రిడ్జిలు విడిగా కొనాలి. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మాస్కు కొన్నాం కాబట్టి రక్షణ కొన్నాం అనుకుని, పక్కన ఏది దొరికితే అది తగిలించేస్తారు. సేంద్రియ ద్రావకాల ఆవిరికి 6001. దానికే దుమ్ము, తుంపర ఆపే పీ100 ఫిల్టరు కలిసి ఉన్నది 60921. ఆవిరితో పాటు ఆమ్ల వాయువులూ ఉంటే 6003. అమ్మోనియాకి 6004. ఫార్మాల్డిహైడ్‌కి 6005. పొగ, దుమ్ము మాత్రమే ఉన్న చోట పల్చటి గుండ్రటి 2091 చాలు, అది వెల్డింగ్ హెల్మెట్ కింద కూడా పడుతుంది. ఇవన్నీ అమెరికాలో పని చోట ఆరోగ్యం, భద్రత చూసే పరిశోధన సంస్థ నియోష్ ఆమోదం ఉన్న నంబర్లు. ఐరోపా ప్రమాణంతో వచ్చే సరుకులో నంబర్లు వేరు: ఆవిరికి 6051 లేదా 6055, నాలుగు రకాల వాయువులకు కలిపి 6059.

రంగు చూసి కొనేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. నియోష్ పద్ధతిలో నలుపంటే సేంద్రియ ఆవిరి, తెలుపంటే ఆమ్ల వాయువు, పసుపంటే ఆ రెండూ కలిపి, ఆకుపచ్చంటే అమ్మోనియా, మెజెంటా అంటే పీ100. ఐరోపా ఈఎన్ 14387 పద్ధతిలో సేంద్రియ ఆవిరికి గోధుమరంగు, పసుపు సల్ఫర్ డయాక్సైడ్ లాంటి ఆమ్ల వాయువులకు మాత్రమే, తెలుపు దుమ్ముకి. అంటే ఒకే పసుపు పట్టీ ఒక పద్ధతిలో థిన్నర్ ఆవిరిని ఆపుతుంది, ఇంకో పద్ధతిలో ఆపదు. తెల్ల పట్టీదీ ఇదే గొడవ. రెండు పద్ధతుల సరుకూ ఒకే అలమరలో పెట్టుకున్న స్టోరులో రంగు చెప్పి క్యాట్రిడ్జి తెమ్మనడం ప్రమాదం. పట్టీ మీద రాసిన అక్షరాలు చదివి, వాడుతున్న రసాయనం సేఫ్టీ డేటా షీటులో ఎనిమిదో విభాగం పక్కన పెట్టుకుని చూడాలి. ఏ రకం మాస్కు కావాలో ఉండేది ఆ విభాగంలోనే.

లోపల జరిగే పనులు రెండు, ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. ఫిల్టరు అనేది నారల వల. దుమ్మునీ, పొగ కణాలనీ, పెయింటు తుంపరనీ పట్టుకుంటుంది, ఆవిరిని వదిలేస్తుంది. క్యాట్రిడ్జిలో ఉండేది ఉత్తేజిత బొగ్గు. ఆవిరి అణువులు దాని సూక్ష్మ రంధ్రాల్లో అతుక్కుంటాయి, కానీ తుంపర చుక్కలు గింజల సందుల్లోంచి జారిపోగలవు. స్ప్రే గన్ నుంచి వచ్చేది తుంపరా, ఆవిరీ రెండూ. కాబట్టి స్ప్రే పనికి వట్టి 6001 చాలదు, 60921 కావాలి. లేదా 6001 ముందు 5ఎన్11 ప్రీఫిల్టరు పెట్టి 501 మూత బిగించాలి. ఈ రెండో దారిలో ఒక చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. 5ఎన్11 గుడ్డను అచ్చు ఉన్న వైపు క్యాట్రిడ్జి వైపుకి వచ్చేలా మూతలో పెట్టాలి. తర్వాత క్యాట్రిడ్జిని మూతలోకి టప్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. గుడ్డ అంచు ఎక్కడా మడత పడకుండా క్యాట్రిడ్జి ముఖమంతా కప్పాలి. అంచు ఒక మూల మడత పడితే తుంపర ఆ మూల నుంచే లోపలికి పోతుంది. పెయింటు పేరుకుని గాలి పీల్చడం బరువైనప్పుడు గుడ్డ ఒక్కటే మార్చుకోవచ్చు. రోజంతా స్ప్రే చేసేవాళ్లకు 60921 కన్నా ఈ జోడీ లాభం, ఎందుకంటే తుంపర వల్ల ఫిల్టరు బొగ్గు కన్నా ముందే మూసుకుపోతుంది.

క్యాట్రిడ్జి తగిలించడం తేలిక. దాని గాడిని మాస్కు మీది గుర్తుకి ఎదురుగా పెట్టి, సవ్యదిశలో పావు చుట్టు తిప్పితే బిగుస్తుంది. అక్కడ గాస్కెట్ రబ్బరు ఉందో లేదో చూసుకోవాలి. అది ఊడి పోయినా క్యాట్రిడ్జి బిగిసినట్టే అనిపిస్తుంది, కాని బయటి గాలి నేరుగా లోపలికి వస్తుంది.

ముఖానికి పట్టిందా లేదా

ఈ మాస్కు మీద పెట్టుకోగల నమ్మకం ఎంత? పని చోట భద్రతకి నిబంధనలు పెట్టే అమెరికా ఓషా గానీ బ్రిటన్ హెచ్‌ఎస్‌ఈ గానీ ఆవిరి క్యాట్రిడ్జి ఉన్న హాఫ్ మాస్కుకి ఇచ్చే రక్షణ అంకె 10. అంటే బయటి గాలిలో ఉన్న విషంలో పదో వంతు కన్నా ఎక్కువ లోపలికి రాకూడదు. రసాయనానికి గాలిలో అనుమతి ఉన్న పరిమితిని పదితో గుణిస్తే వచ్చే సంఖ్య దాకానే ఈ మాస్కు పనికొస్తుంది. థిన్నర్లలో ఉండే ద్రావకం టోలీన్‌కి అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ పెట్టిన పరిమితి 20 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల్లో ఇరవై భాగాలు. అంటే 200 పీపీఎం దాటిన చోటికి ఈ మాస్కుతో వెళ్లకూడదు.

పది అనే ఆ అంకె ఊరికే రాదు. ముఖానికి మాస్కు సరిగా కూర్చుందని ఫిట్ టెస్టులో తేలాలి. తలకు హుడ్ తొడిగి చేదుగానో తీపిగానో ఉండే పొగమంచు లోపలికి వదిలే పరీక్ష ఉంది, దానికి మాస్కుకి దుమ్ము ఫిల్టరు ఉండాలి. అరటిపండు వాసన వచ్చే ఐసో అమైల్ ఎసిటేట్‌తో చేసే పరీక్షకి ఆవిరి క్యాట్రిడ్జి ఉండాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే పరీక్షకు అర్థం లేదు. పరీక్షలో చెయ్యాల్సినవి: మామూలుగా ఊపిరి, లోతుగా ఊపిరి, తల అటూ ఇటూ, తల పైకీ కిందికీ, మాట్లాడటం, నడుం వంచడం, మళ్లీ మామూలు ఊపిరి. ఒక్కోటి ఒక నిమిషం. మధ్యలో రుచి గానీ వాసన గానీ తగిలితే ఆ సైజు ఆ ముఖానికి కాదు. యంత్రంతో కొలిస్తే హాఫ్ మాస్కుకి బయటి గాలికీ లోపలి గాలికీ నిష్పత్తి కనీసం 100 రావాలి. పరీక్ష గదిలో 100 వచ్చినవాడికే పని చోట 10 అని లెక్క వేస్తారు, ఎందుకంటే చెమట, మాటలు, వంగడం, లేవడం కలిసి మాస్కు అంచు ముఖానికి అతుక్కునే ఆ బిగువుని, అంటే సీలుని, తినేస్తాయి. పరీక్ష ఏడాదికొకసారి. బరువు బాగా తగ్గినా పెరిగినా, పళ్లు కట్టించుకున్నా మళ్లీ చెయ్యాలి.

గడ్డం సంగతి. సీలు కూర్చునే చోట రెండు రోజుల మొలక కూడా చాలు, సందులు ఏర్పడతాయి. మీసం సీలు లోపలే ఉంటే ఇబ్బంది లేదు. గడ్డం తీయలేని వాళ్లకు ఈ మాస్కు ఇచ్చి సంతకం పెట్టించుకోవడం మోసం. వాళ్లకు ముఖానికి అతుక్కోనక్కర్లేని, బ్యాటరీ ఫ్యానుతో గాలి పంపే వదులు హుడ్ ఇవ్వాలి.

తగిలించుకునే వరుస: ముందు తల మీది పట్టీ సైజు సరిచేసుకోవాలి. మాస్కుని ముక్కు, నోటి మీద ఆనించి పట్టీని నడినెత్తి మీదికి లాగాలి. కింది పట్టీల కొక్కేలు రెండూ మెడ వెనక కలపాలి. అప్పుడు పై పట్టీలు ముందు, కింది పట్టీలు తర్వాత, రెండు వైపులా సమానంగా లాగాలి. గట్టిగా బిగించేస్తే బాగా పడుతుందనుకోవడం పొరపాటు. మరీ బిగిస్తే మాస్కు అంచు ముడత పడి, ముక్కు పక్కన సందు తెరుచుకుంటుంది.

వేసుకున్న ప్రతిసారీ సీలు చూసుకోవాలి. రెండు అరచేతులతో రెండు క్యాట్రిడ్జిల ముఖాలూ మూసి మెల్లగా పీల్చాలి. మాస్కు లోపలికి కొంచెం పీల్చుకుని, అలాగే ఆగాలి. తర్వాత ముందున్న వాల్వు మూత మీద అరచెయ్యి పెట్టి మెల్లగా వదలాలి. మాస్కు కొంచెం ఉబ్బి ఆగాలి. ముక్కు పక్కన గానీ గడ్డం కింద గానీ గాలి సన్నగా తగిలితే సరిచేసి మళ్లీ చూడాలి. ఇదంతా పది పదిహేను సెకన్ల పని. దీన్ని ఫిట్ టెస్టుకి బదులు అనుకోకూడదు. ఫిట్ టెస్టులో నెగ్గిన మాస్కుని ఈ పూట సరిగా వేసుకున్నామా అని మాత్రమే ఇది చెబుతుంది.

ఎక్కువమంది లెక్క వెయ్యనిది ఇంకొకటి ఉంది, తీసేసిన నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టు అంటే 480 నిమిషాలు. అందులో పది శాతం, అంటే 48 నిమిషాలు, ఆ గాలిలోనే మాస్కు కిందికి లాగి మాట్లాడారనుకుందాం. ఆ పది శాతంలో పీల్చేది పూర్తి విషం, మిగిలిన తొంభై శాతంలో పదో వంతు. కలిపితే 0.10, 0.09 మొత్తం 0.19. పది ఉండాల్సిన రక్షణ అయిదు పైచిలుకుకి దిగింది. వెయ్యి రెట్ల రక్షణ ఇచ్చే పరికరమైనా ఆ 48 నిమిషాలు తీసేస్తే దాని లెక్కా సుమారు పది దగ్గరే ఆగుతుంది. కాబట్టి మాటలాడే పని, ఫోను, నీళ్లు అన్నీ గాలి శుభ్రంగా ఉన్న చోటికి మార్చాలి. 6200తో ఇక్కడే ఒక చిరాకు ఉంది. దించాలంటే మెడ వెనక కొక్కెం విప్పాలి. అదే త్రీఎం కంపెనీ 6500 వరుసలో క్యూఎల్ అనే రకానికి ముందర ఒక మీట ఉంటుంది, పట్టీలు కదపకుండా మాస్కుని కిందికి దించి మళ్లీ ఎక్కించొచ్చు. రోజులో పదిసార్లు తీయాల్సిన పనికి అదే మేలు.

బొగ్గు ఎప్పుడు చచ్చిపోతుంది

దుమ్ము ఫిల్టరు నిండితే ఊపిరి బరువవుతుంది, కాబట్టి అదే చెబుతుంది. బొగ్గు అలా చెప్పదు. నిండిన మరుక్షణం కూడా ఊపిరి అంతే హాయిగా ఆడుతుంది. వాసన వచ్చినప్పుడు మార్చేద్దాం అన్న పాత అలవాటుని ఓషా 1998 నాటి నిబంధనలే పక్కన పెట్టాయి. క్యాట్రిడ్జికి నిండినట్టు రంగు మారి చూపే గుర్తైనా ఉండాలి, లేదా గంటల లెక్కన మార్చే పట్టిక అయినా ఉండాలి. 6001కి అలాంటి గుర్తు లేదు. పాదరసం ఆవిరికి వాడే 6009కి ఉంది.

గంటలు లెక్క కట్టడానికి ఒక ముతక లెక్క చాలాకాలంగా వాడుకలో ఉంది. రసాయనం మరిగే ఉష్ణోగ్రత 70 డిగ్రీల సెల్సియస్ దాటి, గాలిలో 200 పీపీఎం లోపు ఉంటే మామూలు పని వేగంలో క్యాట్రిడ్జి ఎనిమిది గంటలు వస్తుంది. గాఢత పదో వంతుకి తగ్గితే ఆయుష్షు అయిదు రెట్లవుతుంది. పని వేగం రెట్టింపైతే ఆయుష్షు సగమవుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే ఇంకో సగం పోతుంది. టోలీన్ 110 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గాలిలో 20 పీపీఎం ఉందని కొలిచామనుకుందాం. ఎనిమిదిని అయిదుతో గుణిస్తే 40 గంటలు. వానాకాలపు తేమలో 20 గంటలు. బరువులు మోస్తూ వగర్చే పనైతే పది. కాగితం మీద 40 గంటలున్న క్యాట్రిడ్జి పని చోట ఒకటింపావు షిఫ్టులో అయిపోయింది. ఇది ముతక లెక్కే. ఇంతకంటే నికరంగా కావాలంటే తయారీదారుల సర్వీస్ లైఫ్ సాఫ్ట్‌వేర్‌లో రసాయనం పేరు, గాఢత, తేమ, ఉష్ణోగ్రత, పని వేగం ఇచ్చి గంటలు తీసుకోవాలి. గాలిలో ఎంత ఉందో కొలవకుండా ఏ లెక్కా కుదరదు.

థిన్నర్ లాంటి మిశ్రమం వస్తే కథ మారుతుంది. అందులో ఎసిటోన్ ఉంటే అది 56 డిగ్రీలకే మరుగుతుంది, బ్యూటైల్ ఎసిటేట్ 126 డిగ్రీల దాకా ఆగుతుంది. తేలికైనది బొగ్గుకి గట్టిగా అంటుకోదు. బరువైనది వచ్చి దాన్ని తోసేసి ఆ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి ముందు బయటపడేది ఎసిటోన్. గంటల లెక్క మిశ్రమంలో అన్నిటికన్నా తేలికైన ద్రావకం మీద వెయ్యాలి. టోలీన్ మీద వేసి ఊరుకుంటే తప్పుతుంది.

రాత్రి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. నిన్న పది గంటల ఆయుష్షులో నాలుగు వాడి, కవర్లో పెట్టి, ఇవాళ మిగిలిన ఆరు వాడదామనుకుంటాం. కాని బొగ్గులో ముందు వైపు చేరిన ఆవిరి రాత్రంతా లోపలి వైపుకి నెమ్మదిగా పాకుతుంది. పొద్దున మొదటి ఊపిరికే బయటికొస్తుంది, చుట్టూ గాలి శుభ్రంగా ఉన్నా సరే. మరిగే ఉష్ణోగ్రత 65 డిగ్రీల లోపు ఉన్న ద్రావకాలు వాడిన క్యాట్రిడ్జిని ఆ షిఫ్టుతోనే పారెయ్యాలని చెప్పేది అందుకే. మిగతావాటికి పెట్టెలో పెట్టేటప్పుడు మూత గట్టిగా ఉండాలి. బల్ల మీద వదిలేస్తే బొగ్గు ఖాళీగా కూర్చోదు, గదిలో ఉన్న థిన్నర్‌ని పీలుస్తూనే ఉంటుంది. సంచీ విప్పిన రోజున క్యాట్రిడ్జి పక్కన మార్కరుతో తేదీ, గంట రాసుకుంటే ఈ తలనొప్పులు సగం తగ్గుతాయి.

ముక్కుని నమ్ముకోవడం ఎందుకు కుదరదో చెప్పడానికి పాప్‌కార్న్ ఉదంతం చాలు. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో జాస్పర్ అనే ఊళ్లో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పని చేసి మానేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గొట్టాలు మచ్చలు కట్టి మూసుకుపోయే జబ్బు వచ్చిందని ఆరోగ్య శాఖకు తెలిసింది. కారణం వెన్న రుచి కోసం కలిపే డైఎసిటైల్ ఆవిరి. కమ్మటి వాసన. నియోష్ 2016లో దానికి సూచించిన పరిమితి 5 పీపీబీ, అంటే గాలిలో వందకోట్లలో అయిదు భాగాలు. ఆ జబ్బుకి తిరుగు లేదు. ఇలాంటి చోట కళ్లకీ ముఖానికీ కూడా కప్పు ఉండే ఫుల్ మాస్కే సరి.

టూ-ప్యాక్ పెయింటు దగ్గర ఎందుకు వద్దంటున్నాం

కార్లకు వేసే క్లియర్ కోటు, ఇంజనీరింగ్ పెయింట్లు చాలావాటికి హార్డెనర్‌లో ఐసోసయనేట్‌లు ఉంటాయి. హెచ్‌డీఐ, ఎండీఐ, టీడీఐ అని డబ్బా మీద, డేటా షీటులో రాసి ఉంటుంది. వీటి వాసన ముక్కుకి తెలిసే గాఢత కన్నా అనుమతి ఉన్న పరిమితి చాలా తక్కువ. బ్రిటన్‌లో ఎనిమిది గంటల సగటు ఘనమీటరు గాలిలో 20 మైక్రోగ్రాములు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన పరిమితి 6 మైక్రోగ్రాములు, 2028 చివరి దాకా 10కి సడలింపు ఉంది. బొగ్గు నిండిపోయి, సీలు సందులోంచి కొంచెం వస్తున్నా వాడేవాడికి తెలిసే దారి లేదు.

తెలిసేసరికి జబ్బు వచ్చి ఉంటుంది. ఐసోసయనేట్ కొందరి శరీరంలో అలర్జీ పుట్టిస్తుంది. ఒకసారి పుట్టాక పరిమితి కన్నా ఎంతో తక్కువ మోతాదు కూడా ఆస్తమా తెప్పించగలదు. తుంపర చర్మం మీద పడటం కూడా ఆ అలర్జీకి దారి కావచ్చు, కాబట్టి నైట్రైల్ గ్లవ్సు, ఒంటి నిండా కవరాల్ అక్కడ మాస్కుతో సమానం. ఈ కారణంగానే ఐరోపాలో 2023 ఆగస్టు 24 నుంచి, 0.1 శాతం మించి డైఐసోసయనేట్ ఉన్న సరుకు వృత్తిలో వాడే ప్రతి ఒక్కరికీ శిక్షణ తప్పనిసరి చేశారు.

స్ప్రే పనికి మేం సూచించేది గొట్టం ద్వారా శుభ్రమైన గాలి వచ్చే మాస్కు గానీ హుడ్ గానీ. కంప్రెసర్ గాలి నేరుగా పెట్టుకోవడం కుదరదు. పీల్చే గాలికి అమెరికాలో ఉన్న గ్రేడ్ డీ ప్రమాణం ప్రకారం ఆ గాలిలో ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 10 పీపీఎం లోపు, నూనె ఘనమీటరుకి 5 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. కంప్రెసర్ గాలి పీల్చుకునే నోరు జనరేటర్ పొగ గొట్టానికి, వాహనాలు ఆగే చోటికి దూరంగా ఉండాలి. స్ప్రే ఆపగానే ముసుగెత్తి పెయింటు ఎలా వచ్చిందో చూడటం ఇక్కడ పెద్ద తప్పు. కంటికి కనిపించని తుంపర బూతులో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి పొగ వదిలి, అది పూర్తిగా పోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి, ఆ సంఖ్యని బూతు తలుపు మీద రాయాలి. అన్ని నిమిషాలూ అయ్యేదాకా ముసుగు దిగకూడదు. పెయింటు కలిపేటప్పుడు, గన్ కడిగేటప్పుడు 6200 వాడుకోవచ్చు, గంటల పట్టిక పాటిస్తే.

మిథిలీన్ క్లోరైడ్ సంగతి తేలిక. 40 డిగ్రీలకే మరుగుతుంది, బొగ్గులోంచి త్వరగా దాటిపోతుంది. అమెరికా ప్రమాణం దానికి క్యాట్రిడ్జి మాస్కులు ఒప్పుకోదు, గాలి గొట్టమే కావాలంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని ఈ క్యాట్రిడ్జిలేవీ ఆపవు. ట్యాంకులు, గోతులు, ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గే చోట్లు ఈ మాస్కు పని కాదు. ఇది ఉన్న గాలిని వడపోస్తుందే తప్ప గాలి తయారు చెయ్యదు.

నిర్వహణ, విడిభాగాలు

ఇక్కడ 6200కి మంచి మార్కులు పడతాయి. పాడయ్యేవన్నీ విడిగా దొరుకుతాయి: ఊపిరి వదిలే వాల్వు 6889, పీల్చే వాల్వు 6893, గాస్కెట్ 6895, తల పట్టీలు 6281. షిఫ్టు అయ్యాక క్యాట్రిడ్జిలు తీసి పక్కన పెట్టాలి, వాటిని తడపకూడదు. మాస్కుని 49 డిగ్రీలు దాటని గోరువెచ్చటి నీళ్లలో గాఢత లేని సబ్బుతో, మెత్తటి బ్రష్షుతో కడిగి, మంచినీళ్లలో తీసి, నీడన ఆరబెట్టాలి. థిన్నర్ గుడ్డతో తుడిచేవాళ్లున్నారు. రబ్బరు జిగటయ్యి అంచు వంకర పోతుంది. లానోలిన్, నూనె ఉన్న సబ్బులూ వద్దు.

వాల్వు రేకుని వారానికోసారి మూత తీసి వెలుతురులో చూడాలి. పల్చటి గుండ్రటి రేకు అది. దాని అంచు కింద ఒక వెంట్రుక గానీ, ఎండిన పెయింటు పొర గానీ ఉంటే రేకు పూర్తిగా మూసుకోదు. పీల్చినప్పుడల్లా క్యాట్రిడ్జి దారి వదిలేసి అటు నుంచి మురికి గాలి వస్తుంది. సీలు పరీక్షలో మాస్కు లోపలికి పీల్చుకుని ఆగకపోతే ముఖం కన్నా ముందు ఈ రేకుని అనుమానించాలి.

లోపాలు: 6200 థర్మోప్లాస్టిక్ మెటీరియల్ సిలికాన్ అంత మెత్తన కాదు. వేడిలో నాలుగైదు గంటలు దాటితే ముక్కు ఎముక దగ్గర నొక్కుతుంది. అదే క్యాట్రిడ్జిలు పట్టే సిలికాన్ 7502 ముఖానికి హాయిగా ఉంటుంది, వదిలిన ఊపిరి కిందికి పోతుంది కాబట్టి అద్దాలు మసకబారడమూ తక్కువే. 6001 పక్కలకి వెడల్పు, చేతి దగ్గరి పని చూడటానికి తల మరీ వంచాల్సి వస్తుంది. కళ్లద్దాలు వాడేవాళ్లు ముందు మాస్కు బిగించి తర్వాత అద్దాలు పెట్టుకోవాలి. కళ్లు మండించే రసాయనమైతే 6800 ఫుల్ మాస్కు. యంత్రంతో ఫిట్ టెస్టు చేస్తే అమెరికా లెక్కలో దాని రక్షణ అంకె 50.

మాస్కు కొనే ముందు మురికి గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ గొట్టం నోరు పని దగ్గరికి జరపగలరేమో చూడండి. గాలి పీల్చే గొట్టం నోటికి దాని వ్యాసమంత దూరం జరిగితే గాలి వేగం నోటి దగ్గరున్న దానిలో సుమారు పదో వంతుకి పడిపోతుంది. అడుగు వెడల్పు గొట్టం అడుగు దూరంలో ఉంటే దాదాపు అలంకారమే. దాన్ని నాలుగంగుళాల దగ్గరికి తెస్తే క్యాట్రిడ్జి గంటలు కూడా పెరుగుతాయి, ఎందుకంటే బొగ్గుకి చేరే ఆవిరే తగ్గుతుంది.

మాస్కు ఇచ్చే ముందు ఆ మనిషి ఊపిరి పరీక్ష ఒకటి చేయించి దాచుకోవాలి. పని మొదలైన వారాల్లో గానీ ఏళ్లలో గానీ రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టుండటం, సెలవు రోజుల్లో తగ్గి పనిలోకి రాగానే తిరగబెట్టడం కనిపిస్తే మాస్కు సైజు మార్చడంతో ఆగకూడదు. ఊపిరి వదిలే వేగం కొలిచే పీక్ ఫ్లో మీటరుతో రోజుకి కనీసం నాలుగుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు, పని రోజులూ సెలవు రోజులూ కలిపి రాసుకుని వైద్యుడికి చూపించాలి. షిఫ్టు అయ్యాక గంటల తర్వాత రాత్రి ఆయాసం రావడం ఐసోసయనేట్ ఆస్తమాలో సాధారణం, అందుకే చాలామంది ఆ ఆయాసానికి ఇంట్లోని దుమ్మునో చలినో కారణం అనుకుంటారు. అలర్జీ పుట్టిందని తేలితే ఇంకా మంచి మాస్కు కొని అదే బూతులోకి పంపడం చికిత్స కాదు. ఆ పని నుంచి తప్పించాలి.

కొనేటప్పుడు అడగాల్సినవి: మూడు సైజులూ ప్రయత్నించనిస్తారా, ఫిట్ టెస్టు ఎవరు చేస్తారు, క్యాట్రిడ్జి సంచీ మీద గడువు తేదీ ఎంత, 6889, 6893 వాల్వులు ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు. ఒక్కో మనిషికి ఒక మాస్కు, రెండు జతల 6001, ఒక జత 501 మూతలు, ఒక పెట్టె 5ఎన్11, మూత గట్టిగా పడే డబ్బా ఒకటి, మార్కరు పెన్ను ఒకటి.